పాఠకుల ప్రశ్నలు: ఓడే జట్టుకు ఎన్నేళ్ల గడువు ఇవ్వాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అమెరికా బేస్‌బాల్ జట్ల అభిమానులు రాసినవే ఎక్కువ. అందరి బాధా ఒక్కటే కాబట్టి, ఈ సంచికను వారికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా జట్టు పేరు చెప్పను. చెబితే ఓదార్పు దొరుకుతుంది తప్ప జవాబు దొరకదని నా అనుమానం. ఆరేళ్లుగా ఓడుతూనే ఉన్నది. ప్రతి వసంతంలోనూ జట్టు కూర్పు చూసే జనరల్ మేనేజర్ టీవీలో కనిపించి, ఇది పునర్నిర్మాణ కాలమనీ, అభిమానులు ఓపిక పట్టాలనీ చెబుతాడు. ప్రతి జూలైలోనూ మా అబ్బాయి చొక్కా వెనుక ఎవరి పేరున్నదో ఆ ఆటగాణ్ణే మరో జట్టుకు ఇచ్చివేసి, మేము ఎన్నడూ పేరు వినని నలుగురు కుర్రాళ్లను తెస్తారు. చొక్కాలు పాతబడక ముందే పనికిరాకుండా పోతున్నాయి. ఈ ఓపికకు హద్దంటూ ఉన్నదా?
— పేరు, ఊరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకుడు

జవాబు: ఉన్నది. అయితే ఆ హద్దును ఏళ్లు లెక్కపెట్టి కాక, ఆ ఏళ్లలో ఏ పని జరిగిందో చూసి గీయాలి.

ఓపిక పట్టమని చెప్పేవారు సాధారణంగా రెండు జట్లను ఉదాహరణగా చూపుతారు. 2011 అక్టోబరులో థియో ఎప్‌స్టీన్ పగ్గాలు చేపట్టిన షికాగో కబ్స్ 2012లో 101 ఆటలు, మరుసటి ఏడు 96, ఆపై ఏడు 89 ఓడి, 2015లో 97 గెలిచి, 2016లో 108 ఏళ్ల నిరీక్షణకు తెరదించి, విజేతను తేల్చే తుది పోటీ అయిన వరల్డ్ సిరీస్ గెలుచుకున్నది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013 సంవత్సరాలలో వరుసగా 106, 107, 111 ఆటలు ఓడింది. 2013 సెప్టెంబరులో ఒక ఆటకు ఆ నగరంలో టీవీ రేటింగు 0.0గా నమోదైందంటే, ఆ జట్టును తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగలలేదన్న మాట. అదే జట్టు 2017లో విజేత అయింది. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చెప్పినప్పుడు, ఓటమి అంటే బ్యాంకులో వేసిన డిపాజిట్ వంటిదనీ, ఎక్కువ వేసినవారికి ఎక్కువ వడ్డీ వస్తుందనీ వినేవారికి అనిపిస్తుంది. నేను ఒప్పుకోలేనిది సరిగ్గా ఈ మాటనే.

ఆస్ట్రోస్ కథను కొంచెం విప్పి చూడండి. జెఫ్ లూనో 2011 డిసెంబరులో జనరల్ మేనేజరుగా వచ్చేనాటికే తర్వాత 2017 విజయానికి వెన్నెముకైన హోసే ఆల్టువే, డాలస్ కైకల్, జార్జ్ స్ప్రింగర్ ఆ సంస్థలో ఉన్నారు. జట్లు ఏటా వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడాన్ని డ్రాఫ్టు అంటారు, అప్పట్లో అందరికంటే ఎక్కువ ఓడినవారికి అందులో మొదటి వంతు. ఆల్టువేను ఏ డ్రాఫ్టులోనూ ఎంచుకోలేదు. అతను వెనిజులాలో కేవలం 15,000 డాలర్లకు సంతకం చేసిన కుర్రాడు. కైకల్ 2009 డ్రాఫ్టు ఏడో రౌండులో దొరికాడు. ఇక అన్ని ఓటములు భరించినందుకు ప్రతిఫలంగా దక్కిన మొట్టమొదటి ఎంపికల సంగతి చూస్తే, 2012లో వచ్చిన కార్లోస్ కొరేయా నిలబడ్డాడు, 2013లో ఎంచుకున్న పిచర్ (బంతి విసిరేవాడు) మార్క్ అపెల్ ఆ జట్టు తరఫున ఒక్క ఆట కూడా ఆడకుండా చివరకు 2022లో ఫిలడెల్ఫియాలో తొలిసారి బంతి విసిరాడు, 2014లో ఎంచుకున్న బ్రేడీ ఐకెన్‌తో ఒప్పందమే కుదరలేదు. ఐకెన్ దక్కనందుకు పరిహారంగా మరుసటి ఏడాది దొరికిన రెండో ఎంపికతో అలెక్స్ బ్రెగ్‌మన్ వచ్చాడు కాబట్టి సరిపోయింది. అన్నట్టు, 2013లో అపెల్ తర్వాత రెండో స్థానంలో కబ్స్ ఎంచుకున్న ఆటగాడు, 2016లో లీగు అత్యుత్తమ ఆటగాడైన క్రిస్ బ్రయంట్. ఆ ఏడాది డ్రాఫ్టులో అందరికంటే ముందు వరుసలో నిలబడే హక్కు ఆస్ట్రోస్‌కు 107 ఓటములు సంపాదించి పెట్టాయి గాని, ఎవరిని ఎంచుకోవాలో చెప్పలేదు.

కబ్స్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2016 విజేత జట్టులోని ఆంథొనీ రిజో శాన్ డియేగో నుండి, కైల్ హెండ్రిక్స్ టెక్సస్ నుండి, జేక్ అరియెటా బాల్టిమోర్ నుండి ట్రేడుల ద్వారా, అంటే ఆటగాళ్ల మార్పిడిలో వచ్చారు. బాల్టిమోర్‌లో ఉన్నంతకాలం ఎవరికీ కొరగానివాడిగా పేరుపడిన అరియెటా, షికాగోకు వచ్చిన రెండేళ్లకు 2015లో లీగు ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడంటే, అక్కడ పనిచేసింది ఓటమి కాదు, అతనిలో ఏముందో చూడగలిగిన కళ్లూ, దాన్ని బయటికి తీయగలిగిన కోచ్‌లూ. ఆపైన 2014 డిసెంబరులో, అంటే జట్టు ఇంకా గెలవడం మొదలుపెట్టకముందే, యజమానులు జాన్ లెస్టర్ అనే పిచర్‌కు ఆరేళ్లకు 15.5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడ్డారు.

అదే నగరం దక్షిణ భాగానికి రండి. వైట్ సాక్స్ 2016 డిసెంబరులో మేటి పిచర్ క్రిస్ సేల్‌ను బోస్టన్‌కు ఇచ్చి పునర్నిర్మాణం మొదలుపెట్టింది, 2018లో 100 ఆటలు ఓడింది, 2020లోనూ 2021లోనూ సీజను చివర మేటి జట్ల మధ్య జరిగే ప్లేఆఫ్స్‌కు చేరి రెండుసార్లూ తొలి సిరీస్‌లోనే వెనుదిరిగింది. అంతవరకు అంతా పద్ధతిగానే సాగింది. కాని గెలుపుకు తలుపు తెరిచి ఉన్న ఆ కాలంలో ఆ క్లబ్ ఇచ్చిన అతిపెద్ద ఒప్పందం, 2023 సీజనుకు ముందు ఆండ్రూ బెనిన్‌టెండికి ఇచ్చిన 7.5 కోట్ల డాలర్లది, అదీ వారి చరిత్రలోనే అతిపెద్దది. 2023లో 101 ఓటములు, 2024లో 121. ఆధునిక యుగంలో ఒక సీజనులో అన్ని ఆటలు ఓడిన జట్టు మరొకటి లేదు. అంటే ఒక పునర్నిర్మాణం పండకముందే రెండోది మొదలైంది, మొదటిదాని కోసం ఓపిక పట్టినవారినే రెండోదాని కోసమూ ఓపిక పట్టమన్నారు.

కాబట్టి మీ జట్టు గురించి మీరు అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం జూలైలో వచ్చిన ఆ పేరు తెలియని కుర్రాళ్లు ఈరోజు ఏ స్థాయిలో ఆడుతున్నారు? మీ దగ్గరికి వచ్చిన పిచర్లు మెరుగుపడుతున్నారా, లేక మీ దగ్గరి నుండి వెళ్లిపోయిన తర్వాత మెరుగుపడుతున్నారా? ఈ రెండో ప్రశ్న చాలా చేదైనది, కాని జనరల్ మేనేజర్ ప్రసంగాలన్నింటికంటే ఎక్కువ నిజం చెబుతుంది. జట్టు గెలుపోటములు సమానమయ్యే దశకు వచ్చినప్పుడు యజమాని జేబులో చెయ్యి పెడతాడా, లేక ఇంకొక్క ఏడాది చూద్దామంటాడా?

నన్ను ఒక అంకె చెప్పమంటే నాలుగు అంటాను. కబ్స్‌లో ఎప్‌స్టీన్, హ్యూస్టన్‌లో లూనో, బాల్టిమోర్‌లో మైక్ ఎలియాస్, ముగ్గురి జట్లూ వారి నాలుగో సీజనులో ఓటముల కంటే ఎక్కువ గెలుపులు సాధించాయి. ఆరేళ్లు గడిచినా అదే మనిషి అదే మాట చెబుతున్నాడంటే, లోపం మీ ఓపికలో లేదు. డెట్రాయిట్ టైగర్స్ 2017లో మేటి పిచర్ జస్టిన్ వర్లాండర్‌ను వదులుకొని, 2019లో 114 ఆటలు ఓడి, అయిదేళ్లు చూసి 2022 ఆగస్టులో జనరల్ మేనేజర్‌ను తొలగించింది. ఆ తర్వాత రెండేళ్లకు ప్లేఆఫ్స్ చేరింది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ అయితే 1993 నుండి 2012 వరకు వరుసగా 20 సీజన్లు ఓటములతోనే ముగించింది. దానిని పునర్నిర్మాణమని ఎవరైనా అంటే, పునాది తవ్వి ఇరవయ్యేళ్లు వదిలేసిన గుంతను కూడా ఇల్లనే అనాలి.

చొక్కా విషయంలో ఒక చిన్న సలహా. పేరు లేనిది కొనండి.

ప్రశ్న: మంచి ఆటగాణ్ణి డ్రాఫ్టులో ముందుగా ఎంచుకోవడానికి జట్లు కావాలనే ఓడుతాయని మా ఆఫీసులో ఒకరు వాదిస్తున్నారు. నిజమేనా? నిజమైతే అది మోసం కాదా?
— హ్యూస్టన్ నుండి ఒక పాఠకుడు

జవాబు: మైదానంలో ఉన్నవారెవరూ కావాలని ఓడరు. తన బ్యాటింగు సగటు మీద, తన జీతం మీద, తన తరువాతి ఒప్పందం మీద ఆధారపడి బతికే ఇరవై మూడేళ్ల కుర్రాడు, మూడేళ్ల తర్వాత తన స్థానంలోకి రాబోయే మరొకరి కోసం ఎందుకు ఓడుతాడు? కాని గెలవలేని జట్టును మైదానంలోకి పంపడమనేది పై అంతస్తులో కూర్చున్నవారు తీసుకునే నిర్ణయం. ట్యాంకింగ్ అని అభిమానులు అనేది దానినే. యూరప్ ఫుట్‌బాల్ లీగుల్లో అడుగున నిలిచిన జట్టు కింది తరగతికి దిగజారుతుంది గనుక ఆఖరి వారం వరకు భయం ఉంటుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆ భయం లేదు సరికదా, చాలాకాలం పాటు అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుకే డ్రాఫ్టులో మొదటి ఎంపిక నేరుగా దక్కేది.

2022లో కుదిరిన కార్మిక ఒప్పందం దీనిని కొంత మార్చింది. ఇప్పుడు మొదటి ఆరు స్థానాలకు లాటరీ తీస్తారు, అందరికంటే అడుగున ఉన్న మూడు జట్లకూ సమానంగా 16.5 శాతం చొప్పున అవకాశం ఉంటుంది. కాబట్టి 100 ఓడినా, 120 ఓడినా అదనంగా వచ్చే లాభం లేదు. 2023 డిసెంబరులో జరిగిన లాటరీలో 2 శాతం అవకాశం మాత్రమే ఉన్న క్లీవ్‌లాండ్ మొదటి ఎంపిక గెలుచుకున్నది. పైగా ఆదాయ పంపిణీలో డబ్బు చెల్లించే పెద్ద నగరాల జట్లు వరుసగా రెండేళ్లు లాటరీ స్థానం పొందకూడదనే నియమం ఉన్నది. 121 ఆటలు ఓడిన వైట్ సాక్స్ 2025 డ్రాఫ్టులో పదో స్థానంలో ఎంచుకోవలసి వచ్చింది ఇందువల్లనే.

అయినా ఓడిపోవడం ఇప్పటికీ చౌక. జట్టు గెలవనప్పుడు ఖరీదైన ఆటగాళ్లు ఎందుకన్న సాకుతో జీతాల ఖర్చు తగ్గించుకోవడాన్ని ఏ లాటరీ కూడా ఆపలేదు. మీ ఆఫీసు మిత్రుడు డ్రాఫ్టును చూపిస్తున్నాడు, నేనైతే జీతాల పట్టికను చూపిస్తాను.

ప్రశ్న: కింది స్థాయి మైనర్ లీగులో అందరికంటే బాగా ఆడుతున్న కుర్రాడు మా జట్టులో ఉన్నాడు. ఇక్కడ అతని స్థానంలో ఆడేవారు రోజూ చేతులెత్తేస్తున్నారు. అయినా అతణ్ణి పైకి తీసుకురారు. రక్షణలో, అంటే ఫీల్డింగులో ఇంకా మెరుగుపడాలని చెబుతారు. మేము అంత అమాయకులమని అనుకుంటున్నారా?
— పిట్స్‌బర్గ్ నుండి ఒక పాఠకురాలు

జవాబు: రక్షణ గురించిన మాట ఒక్కోసారి నిజమే కావచ్చు. కాని క్యాలెండరు చూడకుండా ఆ మాట నమ్మకండి.

ఆటగాడు మేజర్ లీగులో ఆరేళ్ల సర్వీసు పూర్తిచేస్తే ఫ్రీ ఏజెంటు అవుతాడు, అంటే ఇష్టమైన జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. సీజను సుమారు 187 రోజులు సాగుతుంది, అందులో 172 రోజులు జట్టులో ఉంటే ఒక ఏడాది సర్వీసుగా లెక్క. అందువల్ల ఏప్రిల్‌లో రెండు మూడు వారాలు కుర్రాణ్ణి కింద ఆపితే, ఆ ఏడాది పూర్తి సర్వీసుగా లెక్కకు రాదు, ఆరేళ్ల చివర జట్టుకు అతనిపై ఇంకొక ఏడాది హక్కు మిగులుతుంది. 2015 వసంత శిక్షణ ఆటల్లో హోమ్ రన్లు దంచిన క్రిస్ బ్రయంట్‌ను కబ్స్ ఏప్రిల్ 17 వరకు పైకి పిలవలేదు. ఆ ఏడాది అతనికి లెక్కకు వచ్చిన సర్వీసు 171 రోజులు. ఒక్క రోజు తక్కువ. అతను ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, మరుసటి ఏడాది లీగు అత్యుత్తమ ఆటగాడయ్యాడు, ఆ ఒక్క రోజు కోసం వేసిన ఫిర్యాదు మాత్రం 2020లో ఓడిపోయాడు. మధ్యవర్తి తీర్పు నియమం ప్రకారం సరైనదే కావచ్చు, ఆ నియమం మాత్రం ఏ అభిమానికీ మింగుడుపడేది కాదు.

2022 ఒప్పందం ఇక్కడ కూడా కొంత దిద్దుబాటు చేసింది. కొత్త ఆటగాళ్ల అవార్డు ఓటింగులో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారికి, ఎప్పుడు పైకి వచ్చినా సరే, ఏడాది మొత్తం సర్వీసు ఇస్తారు. మంచి ప్రాస్పెక్టును, అంటే ఆశలు రేపే కుర్రాణ్ణి సీజను మొదటి నుండే ఆడించిన జట్టుకు, అతను అవార్డు గెలిస్తే, అదనంగా ఒక డ్రాఫ్టు ఎంపిక దక్కుతుంది. మీ ఊరి జట్టే దీనికి మంచి ఉదాహరణ. 2024లో పిచర్ పాల్ స్కీన్స్‌ను మే 11న గాని పైకి తీసుకురాలేదు. అతను ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచి పూర్తి ఏడాది సర్వీసు పొందాడు. ఆపి ఉంచినందువల్ల జట్టుకు ఆ అదనపు ఏడాదీ మిగల్లేదు, అదనపు ఎంపికా దక్కలేదు. యువ పిచర్ చేత తక్కువ ఇన్నింగ్స్ వేయించి చెయ్యి కాపాడామని వారు చెప్పుకోవచ్చు, పిచర్ల విషయంలో ఆ వాదనకు కొంత బలం ఉన్నది. బ్యాటు పట్టేవాడి విషయంలో మాత్రం లేదు. మే నెల దాటినా మీ కుర్రాడు కిందనే ఉంటే అప్పుడు కారణం నిజంగా ఆటలో ఉన్నదేమో వెతకండి. ఏప్రిల్ మూడో వారంలో హఠాత్తుగా అతని రక్షణ మెరుగుపడినట్టు ప్రకటిస్తే, మీరు అనుకున్నదే నిజం.

ప్రశ్న: ఈ ఏడాది సీజను టికెట్లు మానుకున్నాను. మిత్రులు నన్ను ద్రోహిలా చూస్తున్నారు. కష్టకాలంలో వదిలిపెట్టేవాడు అభిమాని కాడని అంటున్నారు. నేను చేసింది తప్పా?
— కాలిఫోర్నియా నుండి ఒక పాఠకుడు

జవాబు: కాదు. టికెట్టు అనేది కొనుగోలు, ప్రమాణం కాదు. అయితే మీరు టికెట్లు మానుకోవడం వల్ల యజమాని దిగివస్తాడని మాత్రం ఆశించకండి. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో దాదాపు సగం ఉమ్మడి నిధిలో వేస్తే, దానిని అన్ని జట్లకూ సమానంగా పంచుతారు, జాతీయ టీవీ ఒప్పందాల డబ్బులోనూ అందరికీ వాటా ఉంటుంది. ఖాళీ కుర్చీలు యజమానికి నొప్పి కలిగిస్తాయి గాని, మనం అనుకున్నంత నొప్పి కాదు.

మీ రాష్ట్రంలోనే జరిగిన సంగతి గుర్తు చేసుకోండి. ఓక్లండ్ అథ్లెటిక్స్ యజమాని జట్టును లాస్ వేగస్‌కు తరలించే ప్రయత్నంలో ఉండగా, 2023 జూన్ 13న అభిమానులు బహిష్కరణకు బదులు స్టేడియం నింపి నిరసన తెలపాలని నిశ్చయించారు. జట్టును అమ్మేయమని రాసిన ఆకుపచ్చ చొక్కాలతో 27,759 మంది వచ్చారు. ఆ ఏడాది 112 ఆటలు ఓడిన ఆ జట్టు, ఆ రాత్రి టాంపా బే మీద 2-1తో గెలిచి వరుసగా ఏడో విజయం సాధించింది. లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర సెనేట్ అక్కడి కొత్త స్టేడియానికి ప్రజాధనం ఇచ్చే బిల్లును ఆమోదించింది కూడా అదే రోజున. 2024 సెప్టెంబరు 26న ఓక్లండ్‌లో చివరి ఆట జరిగింది. అభిమానులు ఖాళీగా ఉంచినప్పుడు ఊరికి ఆసక్తి లేదన్నారు, నింపినప్పుడు ఆలస్యమైందన్నారు.

కనుక యజమానికి పాఠం చెప్పడానికి కాక, మీ డబ్బూ మీ సాయంత్రాలూ మీకు మిగలడానికి మానుకున్నానని మిత్రులకు చెప్పండి. రేడియోలో ఆట వింటూనే ఉన్నారని మీ ఉత్తరం చివర రాశారు. వదిలిపెట్టినవాడు చేసే పని కాదది.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల పాప ప్రతి రాత్రి "రేపైనా గెలుస్తారా అమ్మా?" అని అడిగి పడుకుంటుంది. పాపం, దానికి గెలిచే జట్టునొకదాన్ని చూపించి ఇటు మరపించడం మేలేమో అనిపిస్తున్నది. ఏమంటారు?
— డెట్రాయిట్ దగ్గర నుండి ఒక పాఠకురాలు

జవాబు: జట్టు మార్చుకునే హక్కు పాపకున్నది, కాని ఆ మాట ముందు ఆమె నోటి నుండి రానివ్వండి. ఆమె అడిగేది రేపటి ఆట గురించి, మీకు దిగులు ఈ దశాబ్దం గురించి. రేపటి ఆట విషయంలో ఆమె ప్రశ్నకు నిజాయితీగల జవాబు చెప్పవచ్చు. సీజనులో 162 ఆటలుంటే, 2016లో విజేతగా నిలిచిన కబ్స్ కూడా 58 ఓడింది, 2024లో అందరికంటే అధమంగా ఆడిన వైట్ సాక్స్ కూడా 41 గెలిచింది. దగ్గరలో మైనర్ లీగు మైదానం ఉంటే ఒకసారి తీసుకువెళ్లి, అక్కడ ఒక ఆటగాణ్ణి ఎంచుకోమనండి. అతను మెట్టు మెట్టు ఎక్కి పైకి వచ్చేదాకా లెక్క రాసుకోవడం ఆ వయసు పిల్లలకు గెలుపంత ఇష్టమైన ఆట.

ఇంకా అడిగితే 2024 సెప్టెంబరు చివరి వారం కథ చెప్పండి. అప్పటికి 120 ఓటములతో ఉన్న వైట్ సాక్స్, చరిత్రలో నిలిచిపోయే 121వ ఓటమి చూద్దామని సొంత మైదానానికి వచ్చిన వారి ఎదుట వరుసగా మూడు ఆటలు గెలిచింది. ఆ 121వ ఓటమి 27వ తేదీ రాత్రి మీ డెట్రాయిట్‌లో ఎదురైంది. అయిదేళ్ల క్రితం తానే 114 ఆటలు ఓడిన టైగర్స్, ఆ ఆట గెలిచి పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది.